నడినెత్తిన అద్దం, నడివేసవి ఎండ

పాఠకుల ప్రశ్నలు - వాహనాల శీర్షిక

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అద్దపు పైకప్పు గల కార్ల గురించే ఉన్నాయి. ఒకప్పుడు ఖరీదైన కార్లకే పరిమితమైన పనోరమిక్ సన్‌రూఫ్ ఇప్పుడు మధ్యతరగతి కుటుంబాలు కొనే కార్లలోకి కూడా వచ్చింది. కొన్ని విద్యుత్ కార్లలోనైతే పైకప్పు తెరుచుకోని ఒకే పెద్ద అద్దపు పలకగా ఉంటోంది. చలికాలంలో షోరూమ్‌కు వెళ్లి ముచ్చటపడి కొన్నవారు ఏప్రిల్ వచ్చేసరికి నెత్తిన చెయ్యి పెట్టుకుంటున్నారు. మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ ఒక్క విషయానికే ఈ పేజీలు కేటాయిస్తున్నాను.

ప్రశ్న: గత డిసెంబరులో పనోరమిక్ సన్‌రూఫ్ ఉన్న కారు కొన్నాము. మొన్న గుంటూరులో బంధువుల పెళ్లికి వెళ్లి, కల్యాణమండపం బయట ఉదయం పదిన్నర నుంచి రెండు గంటల వరకు కారును ఎండలో ఉంచాము. తిరిగి వచ్చి తలుపు తీయగానే ఆవిరి కొట్టినట్లు వేడి ముఖానికి తగిలింది. సీటు బెల్టు కొక్కెం మా అమ్మాయి తొడకు ఆని బొబ్బ లేచింది. ఏసీ 20 డిగ్రీల్లో పెట్టినా, ముఖానికి చల్లగాలి వస్తున్నా, ఇల్లు చేరేదాకా నడినెత్తి కాలుతూనే ఉంది. ఏసీలో ఏదైనా లోపం ఉందంటారా?
- ఒక ఉపాధ్యాయిని, నరసరావుపేట

జవాబు: అమ్మా, మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఏసీ తన పని తాను చేస్తూనే ఉంది. ముఖానికి చల్లగా, మాడుకు వేడిగా ఉండడానికి కారణం వేరే ఉంది. ఏసీ చల్లబరచేది గాలిని. మీ తలను వేడెక్కిస్తున్నది గాలి కాదు, పైనున్న అద్దం. ఎండకు కాగిన అద్దం తానే వేడిని కిరణాల రూపంలో కిందికి వెదజల్లుతుంది. ఆ కిరణాలకు మధ్యలో ఉన్న చల్లగాలి అడ్డం కాదు. వంటింట్లో ఫ్యాను గాలి వీపుకు తగులుతున్నా పొయ్యి వైపు ఉన్న ముఖం సెగకు కమిలిపోవడం మీకు అనుభవమే. రేకుల ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూర్చున్నవారికి ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. గత మే నెలలో ఒక మిత్రుడి కారులో రెండు గంటల వేళ నేను అద్దానికి లోపలి వైపు అరచెయ్యి ఆనించి చూశాను; ఐదు లెక్కపెట్టేలోగా తీసేయవలసి వచ్చింది. అదే కారులో అద్దం చుట్టూ ఉన్న మామూలు పైకప్పు లోపలి గుడ్డను ముట్టుకుంటే గోరువెచ్చగా మాత్రమే ఉంది. పై రేకు అంతకు తక్కువేమీ కాగదు. కాని రేకుకూ మన తలకూ మధ్య గాలి పొర, మెత్తటి అస్తరు ఉన్నాయి. అద్దానికి ఆ మరుగు లేదు.

లెక్క కూడా ఒకసారి చూద్దాం. నిర్మలమైన వేసవి మధ్యాహ్నం చదరపు మీటరు నేల మీద పడే సూర్యశక్తి సుమారు 1000 వాట్లు. పెద్ద పనోరమిక్ అద్దం వైశాల్యం దాదాపు ఒక చదరపు మీటరు. అంటే ఇంట్లో వాడే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒకటి మధ్యాహ్నపు వేళ మీ కారు నెత్తిన పెట్టినట్లే. ముదురు రంగు అద్దం దానిలో చాలా భాగాన్ని ఆపుతుంది. అయినా ఐదో వంతు లోపలికి చేరితే 200 వాట్లు. కారు నడుస్తున్నప్పుడు ఏసీకి ఇది మోయలేని బరువు కాదు, ఎందుకంటే కారు ఏసీ పూర్తి వేగంలో కొన్ని వేల వాట్ల వేడిని బయటికి తోడగలదు. కాని నిలిపి ఉన్న కారులో ఆ 200 వాట్లను తోడేవారు ఎవరూ లేరు. మామూలు గాజుకు ఒక గుణం ఉంది: సూర్యకాంతిని లోపలికి రానిస్తుంది, ఆ కాంతికి కాగిన సీట్లు, డ్యాష్‌బోర్డు తిరిగి వెదజల్లే వేడి కిరణాలను మాత్రం బయటికి పోనివ్వదు. వచ్చిన వేడి వచ్చినట్లు లోపలే పేరుకుంటుంది.

ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక విషయం చెప్పాలి. ఈ పెద్ద అద్దపు పైకప్పులు మొదట బాగా వాడుకలోకి వచ్చిన ఐరోపాలో ఎండ ఏటవాలుగా పడుతుంది. బెర్లిన్‌లో జూన్ నెల నడి మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 61 డిగ్రీల ఎత్తు దాటడు. మనకు అలా కాదు. తిరుపతిలో ఏప్రిల్ ఆఖరి వారంలో, విజయవాడలో మే మొదటి వారంలో, హైదరాబాదులో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిలువు కర్రకు నీడ పడని రోజులవి. రోళ్లు పగులుతాయని మన పెద్దలు చెప్పే రోహిణి కార్తె వచ్చేసరికి కూడా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొద్ది డిగ్రీల దూరంలోనే ఉంటాడు. అంటే ఏడాదిలో ఎండ అత్యంత తీవ్రంగా ఉండే రోజుల్లో, రోజులో అత్యంత తీవ్రంగా ఉండే గంటల్లో, కారుకు ఉన్న అన్ని ముఖాల్లోకీ పైకప్పే ఎక్కువ ఎండను భరిస్తుంది. ఆ సమయంలో పక్క అద్దాలకు వేసే నల్లని జాలీ తెరలు పెద్దగా ఉపకరించవు. గోడ నీడ కూడా గోడ మొదట్లోకే ముడుచుకుపోతుంది. పైనుంచి కప్పే నీడ ఒక్కటే అప్పుడు నిజమైన నీడ.

ఇక ఏమి చేయాలంటే, ఎండను అద్దం దాటక ముందే ఆపాలి. లోపల కట్టిన తెర ఎంత మంచిదైనా, ఎండ అద్దం దాటి వచ్చిన తరువాతే దాన్ని ఎదుర్కొంటుంది. బయట పరిచిన తెల్లటి దుప్పటి ఆ వేడిని కారు దాకా రానివ్వదు. మీ కారు నిలిపే చోట చెట్టో షెడ్డో లేకపోతే, పైకప్పును, అద్దాలను మాత్రం కప్పే సగం కవరు ఒకటి డిక్కీలో ఉంచుకోండి. తెలుపు లేదా వెండి రంగుది తీసుకోండి. అది లేని రోజున ఇంట్లోని మందమైన తెల్లని దుప్పటిని పైకప్పు మీద పరిచి, రెండు అంచులను తలుపుల మధ్య బిగించినా చాలు. పరిచే ముందు మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవండి. లేకపోతే గాలికి దుప్పటి కదిలి రంగు మీద గీతలు పడతాయి. ఇంటి దగ్గర స్థలం ఉంటే నర్సరీల వారు వాడే ఆకుపచ్చ షేడ్ నెట్‌ను నాలుగు గుంజలకు కట్టి, కారు పైకప్పుకు కనీసం మూర ఎత్తున ఉండేలా పందిరి వేయించండి. తాటాకు పందిరి కింద ఎందుకు చల్లగా ఉంటుందో ఇదీ అందుకే చల్లగా ఉంటుంది: కాగేది పందిరి, దాని కిందినుంచి గాలి ఆడుతూ ఆ వేడిని తీసుకుపోతుంది.

కారులోనే అమర్చిన తెరను మరవకండి. వేసవి మూడు నెలలూ అది మూసే ఉండాలి, ప్రయాణంలో కూడా. మీ కారులోని తెర పలుచని గుడ్డదై వెలుతురు చిమ్ముతూ ఉంటే, దానికీ అద్దానికీ మధ్య అమర్చుకునే వెండి పూత తెరలు దొరుకుతాయి. మెరిసే ముఖం ఆకాశం వైపు ఉండాలి. దానిని తిరగేసి పెట్టినవారిని నేను చాలామందిని చూశాను. అలా పెడితే నల్లని ముఖం ఎండను తాగి, ఆ వేడిని మీ తల మీదికే దింపుతుంది. కొలత మీ కారు మోడల్‌కు సరిపోయినదే తీసుకోండి. పైకప్పు పక్క అంచుల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగులు (ప్రమాదం జరిగితే తలకు రక్షణగా తెరలా విచ్చుకునే గాలిసంచులు) ఉంటాయి కనుక, వాటి దారికి అడ్డం వచ్చేలా క్లిప్పులు గాని కొక్కేలు గాని బిగించవద్దు.

మీ అమ్మాయి సంగతి చదివి బాధ కలిగింది. ఎండలో నిలిపేటప్పుడు బెల్టు కొక్కేలను సీటు వెనక్కు తోసి ఉంచడం, చిన్నపిల్లల సీటు మీద లేతరంగు తువ్వాలు కప్పడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: సన్‌రూఫ్ అద్దానికి సిరామిక్ ఫిల్మ్ వేయించుకోమని యాక్సెసరీల దుకాణం వారు చెబుతున్నారు. ఎర్ర బల్బు ముందు ఫిల్మ్ ముక్క పట్టి, దాని వెనక నా చెయ్యి పెట్టించారు. వేడి అసలు తెలియలేదు. 97 శాతం వేడిని ఆపుతుందట. ధర ఎక్కువే. వేయించవచ్చా? పోలీసులు జరిమానా వేస్తారా?
- ఒక వస్త్ర వ్యాపారి, కరీంనగర్

జవాబు: ఆ బల్బు ప్రదర్శనలో మోసం లేదు గాని, అది చెప్పేది సగం నిజమే. ఆ బల్బు నుంచి వచ్చే శక్తిలో అత్యధిక భాగం పరారుణ కిరణాలు, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలు. సిరామిక్ ఫిల్మ్ ప్రధానంగా ఆపేది కూడా వాటినే. అందువల్ల చెయ్యి చల్లగా ఉంటుంది. సూర్యుడి సంగతి వేరు. సూర్యశక్తిలో దాదాపు సగం పరారుణం, నలభై శాతానికి పైగా కంటికి కనిపించే వెలుతురు, మిగిలిన కొద్ది భాగం అతినీలలోహితం. కనిపించే వెలుతురు కూడా సీటు మీద పడిన తరువాత వేడే అవుతుంది. పైగా చాలా కంపెనీలు చెప్పే 97 శాతం లాంటి అంకె పరారుణంలోని ఒక చిన్న పట్టీకి సంబంధించినది. మీరు అడగవలసిన అంకె వేరే ఉంది: ఫిల్మ్ మొత్తం సూర్యశక్తిలో ఎంత భాగాన్ని తిప్పికొడుతుందో చెప్పే అంకె. దానిని టీఎస్ఈఆర్ అంటారు. ఫిల్మ్ పెట్టె మీదనో కంపెనీ కరపత్రంలోనో ఆ అంకె లేకపోతే, దుకాణదారు ఎంత నచ్చజెప్పినా ఆ ఫిల్మ్‌ను వదిలేయండి.

ఇంకొక మాట. ఆ అంకెను సాధారణంగా ఫిల్మ్‌ను తెల్లటి గాజుకు అంటించి కొలుస్తారు. మీ పైకప్పు అద్దం కర్మాగారం నుంచే ముదురు రంగుతో వచ్చింది. ఎండలో చాలా భాగాన్ని అదివరకే తాగేస్తోంది. దాని లోపలి వైపు ఫిల్మ్ వేస్తే, మిగిలి లోపలికి వస్తున్న కాస్త ఎండ మీదనే దాని ప్రభావం ఉంటుంది. కనుక తేడా ఉంటుంది గాని, దుకాణంలో మీ చేతికి తెలిసినంత తేడా మీ తలకు తెలియదు. ముందద్దం లోపలికి వదిలే ఎండ చాలా ఎక్కువ కనుక, నియమాలకు లోబడిన పారదర్శకమైన ఫిల్మ్‌కు పెట్టే డబ్బు అక్కడ ఎక్కువ ఫలితాన్ని ఇస్తుందని నా అభిప్రాయం.

వేయించాలనే నిర్ణయించుకుంటే రెండు జాగ్రత్తలు. ముదురు నల్లని చౌక ఫిల్మ్ ఎండను తాగి అద్దాన్ని మరింత కాగబెడుతుంది. అద్దం నడుమ ఎక్కువ, అంచుల్లో తక్కువ వేడి ఉన్నప్పుడు గాజులో ఒత్తిడి పుడుతుంది. అంచున అంతకుముందే చిన్న పెచ్చు లేచి ఉంటే అక్కడినుంచి పగులు సాగవచ్చు. అందువల్ల కారు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ముందుగా అడిగి, ఫిల్మ్ వల్ల అద్దం వారంటీ పోదని రాతపూర్వకంగా తీసుకోండి. రెండవది, తెరుచుకునే సన్‌రూఫ్ అయితే ఫిల్మ్ అంచు రబ్బరుకు ఒరుసుకోకుండా కొద్దిగా లోపలికే కత్తిరించాలి.

చట్టం విషయానికి వస్తే, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 100వ నియమం ప్రకారం ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురును రానివ్వాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఈ అద్దాలకు ఎంత శాతం ఫిల్మ్ అయినా విడిగా అంటించడం నిషిద్ధమైంది. తరువాత నియమాన్ని సవరించి, 2021 ఏప్రిల్ నుంచి లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న సేఫ్టీ గ్లేజింగ్‌ను అనుమతించారు. ఆ సవరణ ఆధారంగా, నిర్దేశించిన పారదర్శకత తగ్గని ఫిల్మ్‌లకు జరిమానా వేయరాదని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. ఆ శాతాలు ముందు, వెనక, పక్క అద్దాలకు సంబంధించినవి. పైకప్పు ఫిల్మ్‌తో మీకు రోడ్డు మీద ఇబ్బంది ఎదురయ్యే అవకాశం తక్కువ. పనిలో పనిగా పక్క అద్దాలకు కూడా ముదురు ఫిల్మ్ వేయించుకుంటేనే చిక్కు.

ప్రశ్న: మా ఆఫీసులో కప్పు లేని పార్కింగ్. సాయంత్రం ఐదింటికి కారు ఎక్కితే ఇల్లు చేరే ఇరవై నిమిషాల్లో చల్లబడదు. త్వరగా చల్లబరిచే పద్ధతి చెప్పండి. పైకప్పు అద్దం మీద నీళ్లు పోయవచ్చా?
- ఒక ప్రైవేటు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: ముందుగా వేడిగాలిని పంపేయండి. ఎడమ వైపు కిటికీ అద్దం పూర్తిగా దించి, కుడి వైపు తలుపును నాలుగైదు సార్లు విసనకర్రలా తెరిచి మూయండి. లోపలి గాలిలో చాలా భాగం అప్పుడే మారుతుంది. తరువాత కారు ఎక్కి, నాలుగు కిటికీలూ దించి, ఏసీ వేసి, బయటి గాలి లోపలికి వచ్చే స్థితిలో ఉంచి ఒకటి రెండు నిమిషాలు నడపండి. లోపలి గాలి బయటి గాలి కంటే చల్లబడిందని అనిపించగానే కిటికీలు ఎత్తి, లోపలి గాలే తిరిగే మీట నొక్కండి. మొదటినుంచే ఆ మీట నొక్కి ఉంచడం చాలామంది చేసే పొరపాటు. అలా చేస్తే లోపలున్న అరవై డిగ్రీల గాలినే ఏసీ పదే పదే చల్లబరచవలసి వస్తుంది, బయట నలభై డిగ్రీల గాలి అందుబాటులో ఉండగా.

తెరుచుకునే సన్‌రూఫ్ అయితే, తెరతో పాటు అద్దాన్ని కూడా వెనక అంచు పైకి లేచేలా ఒక నిమిషం తెరవండి. వేడిగాలి పైకే పోతుంది కనుక అద్దపు పైకప్పు మేలు చేసే సందర్భం ఇదొక్కటి. తరువాత రెండూ మూసేయడం మరవకండి.

నీళ్లు పోయవద్దు. కాగిన గాజు మీద చన్నీళ్లు పోయడం మంచిది కాదు, అంచున పెచ్చు ఉంటే మరీ ప్రమాదం. పైగా మన బోరు నీళ్లలోని ఉప్పు ఎండకు ఆరి, అద్దం మీద తెల్లటి మచ్చలుగా దిగిపోతుంది. ఆ మచ్చలు తరువాత తేలిగ్గా పోవు. ఇంకొక ఉపాయం కూడా ఉంది. మీ ఆఫీసు భవనం ఎత్తుగా ఉంటే, దానికి తూర్పు వైపున కారు నిలపండి. ఉదయం ఎండ పడినా మూడు గంటలకల్లా భవనం నీడ కారు మీదికి వస్తుంది, ఐదింటికి మీరు ఎక్కేసరికి సగం వేడి తగ్గి ఉంటుంది.

ప్రశ్న: బజారులో పది నిమిషాల పని ఉంటే మనవణ్ణి కారులో కూర్చోబెట్టి, కిటికీలు రెండు వేళ్ల మందం దించి వెళ్తుంటాము. సన్‌రూఫ్ కూడా కొంచెం తెరిచి ఉంచితే సరిపోతుంది కదా?
- ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: సరిపోదమ్మా. దయచేసి ఈ అలవాటును ఈ రోజే మానుకోండి. 2005లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో అమెరికా పరిశోధకులు ప్రచురించిన ఫలితాలు చూడండి: ఎండలో నిలిపిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది, అందులో 80 శాతం పెరుగుదల మొదటి అరగంటలోనే జరిగింది. బయట వాతావరణం ఒక మాదిరిగా ఉన్న రోజుల్లో కూడా అంతే. కిటికీలు కొద్దిగా దించి ఉంచడం వల్ల చెప్పుకోదగిన తేడా రాలేదు. అవి అద్దపు పైకప్పు ఉన్న కార్ల లెక్కలు కావు, నంద్యాల ఎండలో తీసినవీ కావు. పసివాళ్ల శరీరం పెద్దల శరీరం కంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. వాళ్లకు తలుపు తీసుకోవడం రాదు, దాహమేస్తోందని చెప్పడమూ రాదు. పది నిమిషాల పని దుకాణంలో రద్దీ ఉంటే ఇరవై ఐదు నిమిషాలవుతుంది.

ఏసీ వేసి, ఇంజను నడుస్తుండగా వదిలి వెళ్లడం కూడా పరిష్కారం కాదు. ఇంజను ఆగిపోవచ్చు, బిడ్డ చెయ్యి తగిలి మీటలు మారవచ్చు. మనవణ్ణి చంకనెత్తుకుని వెళ్లండి. వీలుకాకపోతే పని మరో పూటకు పెట్టుకోండి. రోజూ కారు తాళం వేసే ముందు వెనక సీటు వైపు ఒకసారి చూడడం అందరికీ అలవాటు కావాలి. నిద్రపోతున్న బిడ్డ ఉన్న సంగతి మరిచి తాళం వేసిన తల్లిదండ్రులు అజాగ్రత్తపరులు కాదు, మనలాంటివారే.

ప్రశ్న: కొత్త కారు కొనబోతున్నాము. మా పిల్లలు అద్దపు పైకప్పు కావాలంటున్నారు. షోరూమ్ వారు 'ఇది యూవీ కట్ గాజు, వేడి భయం లేదు' అంటున్నారు. నమ్మవచ్చా?
- విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, హనుమకొండ

జవాబు: యూవీని, అంటే అతినీలలోహితాన్ని, ఆపడం మంచిదే, చర్మానికి, సీట్ల రంగుకు మేలు చేస్తుంది. కాని ఇందాక చెప్పినట్లు సూర్యశక్తిలో అతినీలలోహితం వాటా చాలా చిన్నది; దానిని పూర్తిగా ఆపినా వేడి తగ్గినట్లు మీకు తెలియదు. షోరూమ్‌లో అడగవలసినవి వేరే ఉన్నాయి. ఆ అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ రకమా, లేక ఒకే పలకగా కాల్చి గట్టిపరచిన టెంపర్డ్ రకమా అన్నది మొదటిది. లామినేటెడ్ అయితే రాయి తగిలినా ముక్కలు మీద రాలవు, పైగా ఆ పొరల నడుమ పరారుణాన్ని తిప్పికొట్టే పలుచని లోహపు పూతకు వీలుంటుంది. ఆ పూత ఉందా అని రెండవది. అద్దం లోపలి ముఖానికి, కాగిన గాజు కిందికి వెదజల్లే వేడిని తగ్గించే పూత ఉందా అని మూడవది; నడినెత్తి మంటను నిజంగా తగ్గించేది ఈ చివరి పూతే. అమ్మకం చూసే కుర్రవాడికి ఇవి తెలియకపోతే తెలుసుకుని చెప్పమనండి, తొందరపడవద్దు.

తెర సంగతి కళ్లారా చూడండి. చేతితో గాని మోటారుతో గాని పూర్తిగా మూసుకునే, వెలుతురు చొరని తెర ఉన్న కారునే తీసుకోమని నా సలహా. తెర అసలే ఇవ్వకుండా, గాజు రంగు మీదనే భారం వేసిన కార్లు మన ఎండలకు తగినవి కావని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీట నొక్కితే పాలలా తెల్లబడే గాజు కొన్ని ఖరీదైన కార్లలో వస్తోంది. అది చూపును మరుగుపరుస్తుంది, వెలుతురును చెదరగొడుతుంది. వేడిని ఆపడంలో మాత్రం మందమైన తెరకు సాటి రాదు.

రంగు విషయంలో, లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల వారు 2011లో ఒకే రకం కార్లు రెండింటిని ఎండలో నిలిపి చూసినప్పుడు, నల్ల కారులో కంటే వెండి రంగు కారులో గాలి 5 నుంచి 6 డిగ్రీలు చల్లగా ఉంది. అద్దం పైకప్పును ఆక్రమించాక రంగు వల్ల వచ్చే ఈ లాభం కొంత తగ్గుతుంది, అయినా తెలుపో వెండో తీసుకోండి. అన్నిటికీ మించి, టెస్ట్ డ్రైవ్‌కు సాయంత్రం వేళ వెళ్లవద్దు. మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లి, కారును అరగంట ఎండలో నిలిపించి, ఆ తరువాత మీరు వెనక సీటులో కూర్చుని ఇరవై నిమిషాలు తిరిగి రండి. పెద్ద అద్దం ఎక్కువగా వెనక కూర్చున్నవారి తల మీదే ఉంటుంది, డబ్బిచ్చే మీరు మాత్రం ముందు సీటులో కూర్చుని మురిసిపోతారు. చాలా మోడళ్లలో సన్‌రూఫ్ లేని రకం కూడా దొరుకుతుంది. పిల్లలకు ఆకాశం చూపించాలంటే నల్లమల ఘాట్ రోడ్డులో కారు ఆపి చూపించవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో టెస్లా కారు కొన్నది. పైకప్పంతా అద్దమే, తెర లేదు. వేసవిలో మేము అక్కడ ఉన్నప్పుడు ఎండ మన ఎండను మించి ఉంది. కారు నిలిపి ఉన్నా ఏసీ దానంతటదే పనిచేస్తుందని మా అమ్మాయి చెబుతోంది. అలాగైతే బ్యాటరీ దండగ కాదా?
- దంపతులు, ఫ్రిస్కో (టెక్సాస్) నుంచి తిరిగి వచ్చాక

జవాబు: డల్లాస్ చుట్టుపక్కల ఊళ్లలో జూన్ నెలాఖరున మధ్యాహ్నపు సూర్యుడు సుమారు 80 డిగ్రీల ఎత్తుకు వస్తాడు కనుక, మీకు మన పల్నాడు గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు. మీ అమ్మాయి చెప్పినది నిజమే. ఆ కారులో క్యాబిన్ ఓవర్‌హీట్ ప్రొటెక్షన్ అనే ఏర్పాటు ఉంది. దిగి వెళ్లిన తరువాత 12 గంటల వరకు, లేదా బ్యాటరీ 20 శాతానికి తగ్గేవరకు, లోపలి వేడి సుమారు 40 డిగ్రీలు దాటకుండా చూస్తుంది. ఏసీ వద్దనుకుంటే ఫ్యాను మాత్రమే తిరిగేలా కూడా పెట్టుకోవచ్చు. పిల్లలను, పెంపుడు జంతువులను వదిలి వెళ్లడానికి ఉద్దేశించినది మాత్రం కాదు.

బ్యాటరీ ఖర్చవుతుంది. అందుకే చార్జింగ్ తీగ తగిలించి ఉన్నప్పుడు, ఎక్కడానికి పది నిమిషాల ముందు ఫోను నుంచి ఏసీ వేసుకోవడం మేలు. ఆ కరెంటు చాలావరకు గోడ నుంచే వస్తుంది. తెర లేని ఆ అద్దానికి సరిగ్గా అమరే రెండు పొరల తెరలు, ఒకటి జాలీది, ఒకటి వెండి పూతది, అక్కడ సులభంగా దొరుకుతాయి. రెండూ వేయించండి.

ప్రశ్న: మా ఊళ్లో కొబ్బరిచెట్ల నీడకు కొదువ లేదు. ఇంటి ముందు వేపచెట్టు కూడా ఉంది. సన్‌రూఫ్ కారును ఏ చెట్టు కింద ఉంచడం మంచిది?
- ఒక రైతు, అమలాపురం దగ్గర

జవాబు: కొబ్బరిచెట్టు కింద వద్దే వద్దు. కాయ పడితే రేకు సొట్టపోతుంది, అద్దమైతే కారు లోపలికి దిగుతుంది. ఎండిన మట్ట పడినా చాలు. వేపచెట్టు నీడ చిక్కగా, చల్లగా ఉంటుంది, అక్కడే ఉంచండి. కాకపోతే తెరుచుకునే సన్‌రూఫ్ చుట్టూ నీళ్లు పోవడానికి సన్నని కాలువ ఉంటుంది, దాని మూలల నుంచి గొట్టాలు కిందికి దిగుతాయి. ఉగాది రోజుల్లో రాలే వేపపూత, ఆ తరువాత రాలే పుల్లలు, ఎండుటాకులు ఆ కాలువలో చేరి గొట్టాలను పూడ్చేస్తాయి. వేసవంతా ఏమీ తెలియదు. తొలకరి జల్లుకు నీళ్లు దారి లేక పైకప్పు గుడ్డలోంచి సీటు మీదికి కారతాయి. పదిహేను రోజులకు ఒకసారి అద్దం తెరిచి, పాత టూత్‌బ్రష్‌తో కాలువ తుడవండి. తరువాత గ్లాసుడు నీళ్లు ఒక మూలన నెమ్మదిగా పోసి చూడండి. కాసేపటికి ఆ నీళ్లు ముందు చక్రం దగ్గరో వెనక చక్రం దగ్గరో నేల మీద కారితే గొట్టం బాగున్నట్లు. కారకపోతే గట్టి తీగ దూర్చి పొడవవద్దు, గొట్టం లోపలే ఊడిపోతుంది. మృగశిర కార్తె రాకముందే సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్లి గాలి పట్టించండి.